టెస్టా రొస్సా, 300ఎస్, టిపో 61: మూడు ఇటాలియన్ రేసు కార్లలో దేన్ని ఎంచుకోవాలి?

1950ల చివరి నాటి ఇటాలియన్ స్పోర్ట్స్ రేసింగ్ కార్లలో ఒక్కదాన్ని ఎంచుకొని దాని ఇంజినీరింగును లోతుగా చదవాలనుకునేవారికి చివరికి మూడు పేర్లు మిగులుతాయి: ఫెరారీ 250 టెస్టా రొస్సా, మసెరాటి 300ఎస్, మసెరాటి టిపో 61. మూడింటికీ ఇంజిన్ ముందే ఉంటుంది, మూడూ ఇంచుమించు మూడు లీటర్లవే. పైగా ఫెరారీ ఉన్న మారనెల్లో, మసెరాటి ఉన్న మోడెనా పట్టణాల మధ్య దూరం ఇరవై కిలోమీటర్లకు మించదు కాబట్టి, మూడూ ఒకే ప్రాంతపు పనివాళ్ల చేతుల్లో రూపుదిద్దుకున్నాయి. అయినా ఒకే లెక్కకు మూడు రకాల జవాబులు రాసినట్టుగా వీటి నిర్మాణం వేరువేరు దారుల్లో సాగింది.

ఎంపిక అనగానే కొనుగోలు గుర్తుకు రావడం సహజమే కానీ, ఆ మాట మనలో ఎవరికీ పెద్దగా వర్తించదు. టెస్టా రొస్సా తొలి నమూనా కారు ఒకటి 2011లో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ వేలంలో 1 కోటీ 63 లక్షల డాలర్లకు పైగా పలికింది. మన ఎంపికలు వేరు. ఇంజినీరింగ్ విద్యార్థి తన ప్రాజెక్టుకు ఏ కారును ఆదర్శంగా పెట్టుకోవాలి, చిన్న నమూనాలు సేకరించేవారు ఒకే ఒక్క 1:18 నమూనా (అసలు కారులో పద్దెనిమిదో వంతు) కొనదలిస్తే ఏది కొనాలి, విదేశాల్లో ఉన్నవారు ఏ కారును చూడటానికి ఏ మ్యూజియానికో ఏ పాతకార్ల పందేనికో ప్రయాణం పెట్టుకోవాలి అన్నవే ఇక్కడ ఎదురయ్యే అసలు ప్రశ్నలు. వీటికి జవాబు చెప్పే ముందు కార్లను విడివిడి భాగాలుగా కాక, ఒక్కో కారు ఇంజిన్‌నూ, దాన్ని మోసే చట్రమైన ఛాసిస్‌నూ కలిపి జంటగా చూడాలని నా అభిప్రాయం. చాలా పోలికలు పన్నెండు సిలిండర్లు గొప్పవా నాలుగు గొప్పవా అన్న దగ్గరే ఆగిపోతాయి. ఆ ఇంజిన్ ఏ ఛాసిస్‌లో కూర్చుందో చూడనంతవరకు ఆ ప్రశ్నకు అర్థం లేదు.

మూడు లీటర్ల హద్దు

1955లో ఫ్రాన్స్‌లోని లే మాన్ ఇరవై నాలుగు గంటల పందెంలోనూ, 1957లో ఇటలీ రోడ్ల మీద జరిగే మిల్లే మిలియా పందెంలో గ్విదిజ్జోలో ఊరి దగ్గరా జరిగిన ఘోర ప్రమాదాల తర్వాత కార్ల వేగానికి కళ్లెం వేయాలన్న ఒత్తిడి పెరిగింది. 1958 నుంచి ప్రపంచ స్పోర్ట్స్ కార్ల ఛాంపియన్‌షిప్‌లో ఇంజిన్ పరిమాణం మూడు లీటర్లకు మించకూడదన్న నిబంధన వచ్చింది. ఈ నిబంధన ఫెరారీకి కలిసొచ్చింది, మసెరాటిని దెబ్బతీసింది. మసెరాటి అప్పటికి తన శక్తినంతా 4.5 లీటర్ల వి8 ఇంజిన్ (వి ఆకారంలో రెండు వరుసలుగా ఎనిమిది సిలిండర్లు) గల 450ఎస్ మీద పెట్టింది. 1957 నవంబరులో వెనెజువెలాలోని కరాకస్ పందెంలో ఆ సంస్థ కార్లు వరుస ప్రమాదాల్లో ధ్వంసమయ్యాయి. దానికి ఆర్థిక ఇబ్బందులు తోడై, సంస్థ సొంతంగా పందేల్లో పాల్గొనడం మానుకుంది. ఫెరారీ దగ్గర మాత్రం తన 250 జీటీ కార్లలో ఏళ్ల తరబడి నలిగి నమ్మకం సంపాదించిన మూడు లీటర్ల ఇంజిన్ సిద్ధంగా ఉంది. టెస్టా రొస్సా డబ్బూ అనుభవమూ ఉన్నచోట పుట్టిన కారు అనీ, టిపో 61 డబ్బు లేనిచోట జూలియో అల్ఫియేరి అనే మసెరాటి ఇంజినీరు బుర్ర నుంచి పుట్టిన కారు అనీ గుర్తుంచుకుంటే, తర్వాత చెప్పబోయే తేడాల్లో చాలావాటికి కారణం దొరుకుతుంది. 300ఎస్ ఈ రెండింటికంటే ముందటిది. 1955లోనే రంగంలోకి దిగిన ఆ కారు మూడు లీటర్ల నిబంధన కోసం తయారైంది కాదు.

ఇంజిన్లు: 246 ఘనసెంటీమీటర్ల నుంచి 722 దాకా

టెస్టా రొస్సా ఇంజిన్ పరిమాణం 2,953 ఘనసెంటీమీటర్లు. పన్నెండు సిలిండర్లు, ఒక్కోదానికి 73 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వ్యాసం), 58.8 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ ఒక వైపు కదిలే దూరం). అంటే ఒక్కో సిలిండరు 246 ఘనసెంటీమీటర్లే. జొవాక్కీనో కొలంబో అనే ఇంజినీరు 1947 నాటి ఒకటిన్నర లీటర్ల ఫెరారీ కోసం గీసిన వి12 ఇంజినే పెరుగుతూ పెరుగుతూ ఈ పరిమాణానికి వచ్చింది. కాబట్టి ఇందులో మూల ఆలోచన కొత్తది కాదు, సానపట్టడమే కొత్తది. ఆ సానను దగ్గరగా చూడటం మంచిది. అంతకుముందు ఈ కుటుంబపు ఇంజిన్లలో స్పార్క్ ప్లగ్గులు వి ఆకారం లోపలి వైపు, గాలీ ఇంధనమూ లోపలికి వచ్చే ఇన్‌టేక్ దారుల పక్కన ఇరుక్కొని ఉండేవి. వాల్వులను మూయడానికి హెయిర్‌పిన్ రకం స్ప్రింగులు వాడేవారు, అవి సిలిండర్ హెడ్డు మీద చాలా చోటు తినేవి. టెస్టా రొస్సాలో మామూలు చుట్టల స్ప్రింగులు పెట్టారు. దాంతో మిగిలిన చోటులో సిలిండరుకు మూడు చొప్పున కాకుండా నాలుగు చొప్పున బోల్టులు బిగించి, హెడ్డును బ్లాకుకు గట్టిగా కూర్చోబెట్టగలిగారు. ప్లగ్గులు బయటి వైపుకు మారాయి. లోపలి వైపు ఖాళీ అయిన చోట ఆరు జంట గొంతుల వెబర్ కార్బ్యురేటర్లు, అంటే సిలిండరుకొక గొంతు చొప్పున, బారులు తీరాయి. ఒక స్ప్రింగు మారితే బోల్టుల సంఖ్య మారింది, ప్లగ్గు జరిగితే కార్బ్యురేటర్లకు చోటు వచ్చింది. ఇంజిన్ నిర్మాణంలో ఒక నిర్ణయం మరో నిర్ణయాన్ని ఎలా కదుపుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ దొరకదు. ఫలితం 7,200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర సుమారు 300 హార్స్‌పవర్.

300ఎస్ ఇంజిన్ వరుసగా ఆరు సిలిండర్లు గలది. మసెరాటి గ్రాండ్ ప్రి కారు 250ఎఫ్ ఇంజిన్ నుంచి ఇది వచ్చింది. బోరును 84 మిల్లీమీటర్ల దగ్గరే ఉంచి, స్ట్రోకును 75 నుంచి 90 మిల్లీమీటర్లకు పెంచితే 2.5 లీటర్ల ఇంజిన్ మూడు లీటర్లదయింది. సిలిండరుకు రెండు ప్లగ్గులు, మూడు వెబర్ కార్బ్యురేటర్లు, 6,200 ఆర్‌పీఎం దగ్గర 245 హార్స్‌పవర్. ఆ 250ఎఫ్ రూపకల్పనకు తొలి గీతలు గీసినవారిలో కూడా కొలంబో ఉన్నాడు. ఫెరారీని వదిలి మసెరాటికి వచ్చి ఆ పని చేశాడు. ఇంటిపోరు అంటే ఇదే కావచ్చు.

టిపో 61 ఇంజిన్‌లో ఉన్నవి నాలుగే సిలిండర్లు. 100 మిల్లీమీటర్ల బోరు, 92 మిల్లీమీటర్ల స్ట్రోకు, మొత్తం 2,890 ఘనసెంటీమీటర్లు. ఒక్కో సిలిండరు 722 ఘనసెంటీమీటర్లంటే, ఫెరారీ సిలిండర్లు మూడు కలిపినా దీనికి కాస్త మాత్రమే ఎక్కువ అవుతాయి. ఇది 200ఎస్ అనే రెండు లీటర్ల కారు ఇంజిన్ వంశానిది. మొదట రెండు లీటర్ల టిపో 60లో పెట్టారు, అమెరికాలోని కొనుగోలుదారులకు మూడు లీటర్ల తరగతిలో పోటీపడే కారు కావాల్సి రావడంతో పెంచారు. శక్తి సుమారు 250 హార్స్‌పవర్.

ఈ మూడింటినీ ఒకే కొలతతో తూచాలంటే పిస్టన్ సగటు వేగం మంచి సాధనం. స్ట్రోకును రెట్టింపు చేసి, పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే క్రాంక్‌షాఫ్ట్ సెకనుకు తిరిగే చుట్లతో గుణిస్తే అది వస్తుంది. ఫెరారీలో 7,200 ఆర్‌పీఎం దగ్గర అది సెకనుకు 14.1 మీటర్లు, 300ఎస్‌లో 6,200 దగ్గర 18.6 మీటర్లు, టిపో 61లో 6,500 దగ్గరే దాదాపు 20 మీటర్లు. ఫెరారీ ఇంజిన్ ఎక్కువ చుట్లు తిరుగుతున్నా దాని పిస్టన్లు అందరికంటే తాపీగా కదులుతున్నాయన్నమాట. ఇరవై నాలుగు గంటల పందెంలో ఈ తాపీతనం విలువ ఏమిటో అనుభవం మీద తెలిసింది. ఎదురుగా మసెరాటి నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో భాగాలు తక్కువ, బరువు తక్కువ, విప్పి బిగించడం తేలిక. పన్నెండు పిస్టన్లు, ఇరవై నాలుగు వాల్వులు సరిచూడటం వేరు, నాలుగు పిస్టన్లు, ఎనిమిది వాల్వులు సరిచూడటం వేరు.

ఛాసిస్: గొట్టం ఎంత లావుండాలి?

ఫెరారీ ఛాసిస్ నిచ్చెన తరహాది. అండాకారంలో ఉండే రెండు లావు గొట్టాలు కారు పొడవునా సాగుతాయి, అడ్డుగొట్టాలు వాటిని కలుపుతాయి, పైన సన్నటి గొట్టాలు బాడీలు కట్టే స్కాలియెత్తీ చేసిన అల్యూమినియం బాడీని మోస్తాయి. దీన్ని పాత పద్ధతి అని అప్పుడే విమర్శించినవారు ఉన్నారు, ఆ విమర్శలో తప్పు లేదు. నిచ్చెన ఛాసిస్ మెలితిప్పే బలాన్ని గొట్టాల లావుతోనే తట్టుకోవాలి, అందుకు లోహం ఎక్కువ కావాలి. కానీ లావు గొట్టం మీద వెల్డింగు అతుకులు తక్కువ, ప్రతి అతుకూ చేతికి అందుతుంది, గుద్దుకున్న కారును సరిచేయడానికి మామూలు వర్క్‌షాపు చాలు. 300ఎస్‌లోనూ ప్రధాన గొట్టాలు లావువే, వాటికి తోడుగా సన్నటి గొట్టాల అల్లిక కొంత ఉంటుంది. ఇక్కడ ఆగి చూడవలసినంత విశేషం అందులో లేదు.

టిపో 61 దగ్గర మాత్రం ఆగాలి. 10 నుంచి 15 మిల్లీమీటర్ల వ్యాసం గల, మన చూపుడు వేలి లావుకు మించని క్రోమ్ మాలిబ్డినం ఉక్కు గొట్టాల ముక్కలు సుమారు రెండు వందలు తీసుకొని, వాటిని త్రిభుజాలుగా వెల్డింగు చేసి అల్ఫియేరి ఈ ఛాసిస్‌ను అల్లించాడు. దాని బరువు నలభై కిలోలకు లోపే. అందుకే ఈ కారుకు పక్షిపంజరం అన్న ముద్దుపేరు వచ్చింది. ముందు అద్దంలోంచి చూస్తే డ్రైవరు కాళ్లకూ ఇంజిన్‌కూ మధ్య ఆ గొట్టాలు ఒకదాన్నొకటి దాటుకుంటూ బారులుగా కనిపిస్తాయి.

ఇంత సన్నని గొట్టాలు ఎలా నిలుస్తాయన్నది న్యాయమైన సందేహమే. వంపును తట్టుకోవడంలో సన్నగొట్టం నిజంగానే బలహీనం. కానీ నిలువునా లాగితేనో, నిలువునా నొక్కితేనో అదే గొట్టం ఆశ్చర్యపడేంత బలం చూపిస్తుంది. త్రిభుజాలుగా అల్లిన చట్రంలో ప్రతి గొట్టానికీ లాగుడో నొక్కుడో మాత్రమే తగిలేలా చూడవచ్చు, వంపు తగలకుండా తప్పించవచ్చు. నొక్కుడుకు గొట్టం పక్కకు ఒరిగి వంగిపోయే ప్రమాదం ఒకటి ఉంటుంది. గొట్టం పొడవును సగం చేస్తే ఆ ప్రమాదం రావడానికి కావలసిన బలం నాలుగు రెట్లవుతుంది, మూడో వంతు చేస్తే తొమ్మిది రెట్లవుతుంది. రెండు వందల ముక్కల్లో రహస్యం ఇదే. ముక్కలు పొట్టివి కాబట్టే సన్నగా ఉండగలిగాయి. ఈ లెక్క కాలేజీ పుస్తకాల్లో ఒక సూత్రంగా ఉంటుంది. ఒక కారు మొత్తం ఆ సూత్రం మీదే నిలబడటం మాత్రం అరుదుగా చూస్తాం.

ఈ మెలకువ వల్ల వచ్చిన లాభం అంకెల్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఇంధనం, నూనె లేని స్థితిలో టిపో 61 బరువు సుమారు 600 కిలోలు, టెస్టా రొస్సాది సుమారు 800, 300ఎస్‌ది సుమారు 780. కాబట్టి టన్నుకు హార్స్‌పవర్ లెక్క వేస్తే 300ఎస్‌కు 314, ఫెరారీకి 375, టిపో 61కు 417 వస్తుంది. శక్తిలో యాభై హార్స్‌పవర్ వెనకబడిన కారు బరువులో రెండు వందల కిలోలు మిగుల్చుకొని ముందుకు వెళ్లిపోయింది. పైగా అల్ఫియేరి ఇంజిన్‌ను నిటారుగా నిలబెట్టక కుడివైపుకు 45 డిగ్రీలు వాల్చి కూర్చోబెట్టాడు. దానివల్ల బానెట్టు ఎత్తు తగ్గింది, గాలిని చీల్చే ముఖభాగం చిన్నదైంది, బరువు నేలకు దగ్గరైంది.

జంటల లెక్క

ఇక్కడే నేను మొదట చెప్పిన జంటల మాట అక్కరకు వస్తుంది. వరుసగా నాలుగు సిలిండర్లున్న ఇంజిన్‌లో రెండు పిస్టన్లు పైకి పోతుంటే రెండు కిందికి వస్తాయి కాబట్టి ప్రధానమైన అదురు రద్దవుతుంది. కానీ కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగా తిరగడం వల్ల పిస్టన్ తన ప్రయాణపు పై సగంలో ఒక వేగంతో, కింది సగంలో మరో వేగంతో కదులుతుంది. దాని నుంచి పుట్టే రెండో రకం అదురు నాలుగు సిలిండర్లలోనూ ఒకే దిశలో కలిసి వస్తుంది, రద్దు కాదు. 6,500 ఆర్‌పీఎం దగ్గర ఆ తోపు సెకనుకు 216 సార్లు వస్తుంది. సిలిండరు పెద్దదయ్యేకొద్దీ పిస్టన్ బరువెక్కుతుంది, తోపు పెరుగుతుంది. వరుస ఆరు సిలిండర్లలోనూ, వి12లోనూ ఈ రెండు రకాల అదురూ సహజంగానే రద్దవుతాయి.

దీన్నిబట్టి చూస్తే, ఫెరారీ అందరికంటే నున్నగా నడిచే ఇంజిన్‌ను అందరికంటే లావు గొట్టాల ఛాసిస్‌లో పెట్టింది, మసెరాటి అందరికంటే ఎక్కువగా అదిరే ఇంజిన్‌ను అందరికంటే సన్నటి గొట్టాల ఛాసిస్‌లో పెట్టింది. పలుచటి గొట్టాల అతుకుల దగ్గర, వెల్డింగు వేడికి గుణం మారిన లోహంలో, గంటల తరబడి అదురు తగిలితే పగుళ్లు రావడం వింత కాదు. పక్షిపంజరం కార్లను నడిపిన జట్లకు ఛాసిస్ పగుళ్లు వెతికి వెల్డింగు చేయడం నిత్యకృత్యమైంది. అల్ఫియేరికి ఇది తెలియక కాదు. చేతిలో ఉన్న ఇంజిన్ అదే, కొత్త ఇంజిన్ గీయించడానికి సంస్థ దగ్గర డబ్బు లేదు. ఉన్న ఇంజిన్‌తో గెలవాలంటే బరువు తగ్గించడం ఒక్కటే దారి. ఆ దారిలో ఆయన చేయగలిగినంతా చేశాడు. తప్పొప్పుల లెక్కలో ఈ సంగతిని కలపకుండా టిపో 61ను బలహీనమైన కారు అనేయడం సబబు కాదు.

బ్రేకుల దగ్గర తూకం పూర్తిగా మసెరాటి వైపు మొగ్గుతుంది. టిపో 61కు మొదటి నుంచీ నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులున్నాయి. ఫెరారీ 1958 అంతా డ్రమ్ బ్రేకులతోనే లాగింది. వాటికి గాలి తగలాలని ముందు చక్రాల వెనక బాడీని లోపలికి కోసి, రెక్కలను పడవల్లా విడదీసిన రూపం ఇచ్చారు. నేడు అందరూ మెచ్చుకునే ఆ అందం డ్రమ్ములు వేడెక్కే జబ్బుకు వేసిన మందు మాత్రమే. 1959లో డన్‌లప్ డిస్కులు రాగానే ఆ రూపం అవసరం తీరింది. వెనక ఇరుసు సంగతికొస్తే, మసెరాటి కార్లు రెండింటికీ డి డియోన్ ఇరుసు (బరువైన గేర్ల పెట్టెను ఛాసిస్‌కు బిగించి, చక్రాలను మాత్రం ఒక గొట్టంతో కలిపే రకం), అడ్డంగా పరిచిన కమాన్ పట్టీ, వెనకనే ఉన్న గేర్‌బాక్సు ఉన్నాయి. ఫెరారీ ప్రైవేటు కొనుగోలుదారులకు అమ్మిన కార్లలో మామూలు గట్టి ఇరుసే ఇచ్చింది.

పందేల్లో ఏం తేలింది

టెస్టా రొస్సా లే మాన్‌ను 1958లో, 1960లో, 1961లో గెలిచింది. 1958లో బ్యూనస్ ఐరిస్, సెబ్రింగ్, టార్గా ఫ్లోరియో, లే మాన్ పందేలన్నీ దానివే, ఆ ఏటి ఛాంపియన్‌షిప్పూ ఫెరారీదే. 1961 నాటికి గెలిచిన కారు 1958 నాటి కారు కాదని గుర్తుంచుకోవాలి. పేరు అదే అయినా బ్రేకులు, వెనక సస్పెన్షన్, బాడీ అన్నీ మారాయి.

టిపో 61 చరిత్రకు రెండు ముఖాలున్నాయి. 1960లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ వెయ్యి కిలోమీటర్ల పందెంలో స్టిర్లింగ్ మాస్, డాన్ గర్నీ జంట నూనె గొట్టం తెగి చాలాసేపు ఆగవలసి వచ్చినా, పొగమంచూ వానా మధ్య మళ్లీ అందరినీ దాటి గెలిచింది. మరుసటి ఏడాది అదే పందెంలో మాస్టెన్ గ్రెగరీ, లాయిడ్ కాస్నర్ గెలిచారు. నూర్‌బర్గ్‌రింగ్ అప్పట్లో చుట్టుకు 22.8 కిలోమీటర్లు, ఎత్తుపల్లాలతో, లెక్కలేనన్ని మలుపులతో ఉండే దారి. తేలిక కారుకు అంతకంటే అనువైన చోటు లేదు. లే మాన్‌లో కథ తిరగబడింది. 1960లో కాస్నర్ జట్టు కామొరాడి, ముందు అద్దాన్ని చాలా పొడవుగా ఏటవాలుగా సాగదీసిన ప్రత్యేక కారుతో వచ్చింది. గ్రెగరీ మొదట్లో అందరికంటే ముందు నిలిచాడు. పిట్‌లో ఆగిన కారు స్టార్టర్ మొరాయించి చాలాసేపు కదలలేదు. పోయిన సమయం తిరిగి రాలేదు, కారు పందెం పూర్తి చేయలేదు. అదే ఏడాది సెబ్రింగ్‌లోనూ మాస్, గర్నీ ముందంజలో ఉండగా చక్రాలకు శక్తిని అందించే గేర్ల వ్యవస్థ విరిగి తప్పుకున్నారు.

300ఎస్ 1956లో బ్యూనస్ ఐరిస్, నూర్‌బర్గ్‌రింగ్ వెయ్యి కిలోమీటర్ల పందేలు రెండింటినీ గెలిచింది. లే మాన్ దానికి ఎప్పుడూ దక్కలేదు. అయితే మలుపుల్లో దాని నడవడికను మెచ్చుకున్నవారిలో మాస్ ఒకరు. ఎక్కడ పట్టు తప్పుతుందో ముందే చెప్పే కారు అన్న పేరు దానిది.

ఎవరికి ఏది

మీరు స్ట్రక్చర్లు చదువుతున్న విద్యార్థి అయితే టిపో 61నే తీసుకోండి. నా ఓటు కూడా దానికే. ఈ మూడింటిలో ఛాసిస్ ఇంతగా కళ్లెదుట కనిపించే కారు మరొకటి లేదు, దాని మంచీ చెడూ రెండూ లెక్కకు అందుతాయి. కోయంబత్తూరు కారి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ పోటీకి కారు కట్టే కాలేజీ జట్లు, వాటిలో మన రెండు రాష్ట్రాల జట్లు కూడా, స్టీలు గొట్టాల స్పేస్‌ఫ్రేమును (త్రిభుజాలుగా అల్లిన చట్రాన్ని) తరచుగా ఎంచుకుంటాయి కాబట్టి ఈ చదువు నేరుగా పనికొస్తుంది. అయితే దీన్ని చూసి గొట్టాల సంఖ్య పెంచకండి. ముఖ్యమైన గొట్టాలకు కనీస మందం ఎంతుండాలో నిబంధనలే చెబుతాయి. అదనపు గొట్టం ఒక్కటి పెడితే రెండు చివర్లా చేపనోటి ఆకారంలో కోత కోయాలి, సందు లేకుండా అమర్చాలి, వెల్డింగు చేయాలి, వేడికి ఛాసిస్ వంకర తిరగకుండా చూసుకోవాలి. పక్షిపంజరం నుంచి నేర్చుకోవలసింది మూడు గొట్టాలు కలిసేచోట వాటి మధ్యరేఖలు ఒకే బిందువులో కలిసేలా చూడటం, సస్పెన్షన్ బిగించే చోటును గొట్టం మధ్యలో కాక అతుకు దగ్గరే పెట్టడం. డ్రైవరు కూర్చునే గుంట దగ్గర త్రిభుజాలు తెగిపోతాయి. ఆ గుంట పక్కల అల్ఫియేరి గొట్టాలను ఎలా గుమిగూర్చాడో ఫొటోల్లో పెన్సిలుతో గీసి చూసుకుంటే, ఏ గొట్టం దేనికోసం ఉందో క్రమంగా బోధపడుతుంది. మీ కారులో మోటార్‌సైకిల్ ఇంజిన్ ఒంటి సిలిండరుదైతే, అదురు గురించి పైన రాసినది మరింత శ్రద్ధగా చదవండి.

ఇంజిన్లంటే ఇష్టపడేవారికి టెస్టా రొస్సా తప్ప మరో మాట లేదు. ఆ ఇంజిన్ ఒంటరి అద్భుతం కాదు, ఒకటిన్నర లీటర్ల నుంచి మూడు లీటర్ల దాకా సాగిన ఒక వంశం. 250 జీటీ కార్ల ఇంజిన్లు దానికి దగ్గరి చుట్టాలు కాబట్టి చదవడానికి బొమ్మలు, విడిభాగాల వివరాలు, దాన్ని విప్పి బిగించిన అనుభవం ఉన్న మనుషులు ప్రపంచంలో ఎక్కువ. ఈ బంధుత్వానికి ఒక చిక్కు కూడా ఉంది. 250 జీటీ కార్లను విప్పి వాటి భాగాలతో కట్టిన నకలు టెస్టా రొస్సాలు చాలానే ఉన్నాయి. ఏదైనా ప్రదర్శనలో ఒకటి కనిపిస్తే ఛాసిస్ సంఖ్య అడిగాకే నమ్మడం మంచిది.

300ఎస్‌ను చదువుకోవడానికి మొదటి కారుగా నేను సూచించను. దేనిలోనూ అంచుకు వెళ్లని కారు అది. కానీ నడిచే కారును చూడాలనుకునేవారు దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఇటలీలో ఏటా జరిగే మిల్లే మిలియా స్మారక యాత్రలో 1927 నుంచి 1957 వరకు జరిగిన అసలు పందేల్లో పాల్గొన్న రకాల కార్లకే ప్రవేశం. ఈ మూడింటిలో ఆ అర్హత 300ఎస్‌కే ఉంది, మిగతా రెండూ రంగంలోకి వచ్చేసరికి ఆ పందెమే ఆగిపోయింది. కాబట్టి బ్రెషా నుంచి రోమ్ దాకా మామూలు ఊళ్ల వీధుల్లో ఇలాంటి కారు పోతుంటే చూడాలన్న కోరిక ఉంటే ఎదురుచూడవలసింది దీనికోసమే. రేసు దారి మీద చూడాలంటే ఇంగ్లండులోని గుడ్‌వుడ్, ఫ్రాన్స్‌లోని లే మాన్ క్లాసిక్ వంటి చోట్లకు వెళ్లాలి. అక్కడ మూడు రకాలూ రావచ్చు.

అమెరికాలో ఉన్నవారికి, ముఖ్యంగా మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ పరిసరాల్లోని వారికి, పక్కనే ఫిలడెల్ఫియాలో సిమియోన్ మ్యూజియం ఉంది. 1958 టెస్టా రొస్సా, 1956 నాటి 300ఎస్ రెండూ ఒకే కప్పు కింద ఉన్నాయి. ఆ మ్యూజియంవారు కొన్ని రోజుల్లో కార్లను వెనక ఆవరణలోకి తెచ్చి నడిపి చూపిస్తారు. వెళ్లే ముందు ఆ రోజు ఏ కార్లు బయటికి వస్తాయో కనుక్కోవాలి, ఎందుకంటే ఈ రెండు ఇంజిన్ల మధ్య తేడా బొమ్మలో కంటే చెవికే బాగా తెలుస్తుంది.

ఇక నమూనాల సేకరణ. జర్మనీకి చెందిన సీఎంసీ సంస్థ ఈ మూడింటినీ 1:18 కొలతలో తయారుచేసింది. ఒక్కటే కొనగలిగితే పక్షిపంజరం కొనండి. టెస్టా రొస్సా నమూనాలో బాడీ అందాన్ని మీరు మిగతా చవక నమూనాల్లోనూ చాలావరకు పొందగలరు. టిపో 61లో చూడవలసింది బాడీ లోపల ఉంది కాబట్టి, గొట్టాలను విడివిడిగా చేసి అమర్చిన నమూనా కాకపోతే డబ్బు దండగ. కొనేటప్పుడు బానెట్టు ఎత్తి, ఇంజిన్ నిజంగా 45 డిగ్రీలు వాలి ఉందో లేదో, ముందు అద్దం కిందుగా గొట్టాలు అద్దాన్ని దాటి లోపలికి సాగుతున్నాయో లేదో చూడండి. పాత నమూనాను మరొకరి దగ్గర కొంటున్నట్టయితే గొట్టాలు కలిసే చోట్ల జిగురు వదలలేదని కూడా సరిచూసుకోవాలి. 1:18లో కూడా ఆ కారు బలహీనత అతుకుల దగ్గరే.